పీపా కడిగిన చేతులు

సోమవారం పొద్దున్న ఆసుపత్రి లాండ్రీకి బయల్దేరుతూ అమ్మ నాకు ఒకే మాట చెప్పింది. "పీపా చల్లనీళ్లతో తొలిచి బోర్లించు. అంతే. ఇంకేం చెయ్యకు."

సరేనన్నాను. ఈ సంగతి ఎక్కడ మొదలుపెట్టాలన్నా నేను ఆ 'సరే' దగ్గరే మొదలుపెట్టాలి.

నాన్న పోయి ఏడాది నిండింది. శనివారం ఎద్దును కోసి, బీరు పోసి, ఆయన్ని మళ్లీ ఇంటికి పిలుచుకోవాలి. పోయినవాళ్లు పిలిచేదాకా బయటే ఉంటారు. పిలిస్తే లోపలికొచ్చి మమ్మల్ని కాచుకుంటారు. ఎద్దు పని మగవాళ్లది, బీరు పని ఇంటి ఆడవాళ్లది. అంగట్లో దొరికే బీరు దీనికి పనికిరాదు. ఇంట్లో నానబెట్టి, ఇంట్లో కాచి, ఇంట్లోనే పొంగించాలి. ఆ బీరు మొదటి ముంతను ఇంటి ఇల్లాలే ఎద్దును ఉంచే దడి దగ్గరికి మోసుకెళ్లి, తను ఒక గుక్క తాగి, ఆ తర్వాత పెద్దల చేతికివ్వాలి. ఏడాదిగా అమ్మ ఎదురుచూస్తున్నది ఆ నాలుగడుగుల నడక కోసమే. పైకి ఎప్పుడూ అనలేదు. కానీ ముంతను మాత్రం నెల ముందే తోమి, అలమర పైన గుడ్డ కప్పి పెట్టుకుంది.

పట్నం శివారు ఎందాంత్సానేలో మాది నాలుగు గదుల ఇల్లు. నాలుగని పేరే గానీ, మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది. బీరు కాయడానికి మాకున్న సరంజామా ఒక మూడుకాళ్ల ఇనపకుండ, రెండు ప్లాస్టిక్ తొట్లు, గడ్డితో అల్లిన వడపోత సంచి, చెక్క పీపా. పీపా మా నాయనమ్మది. నా నడుమెత్తు ఉంటుంది, చుట్టూ ఇనప పట్టీలు. నాన్న పల్లె వదిలి పట్నం వచ్చేటప్పుడు బస్సు కప్పు మీద కట్టించుకుని తెచ్చాడట. అమ్మావాళ్ల గదిలో మంచానికీ అలమరకీ మధ్య దాని చోటు. బీరు లేని రోజుల్లో దాని మీద ఇస్త్రీ బట్టలు పెట్టుకునేవాళ్లం.

మా ఇంట్లో డిగ్రీ చేసిన మొదటిదాన్ని నేను. ఆహార శాస్త్రం చదివాను. ప్రయోగశాలలో మొదటిరోజు మాకు నేర్పింది గిన్నె కడగడమే. గిన్నె శుభ్రంగా లేకపోతే అందులో ఏం పెరుగుతుందో చెప్పలేం అన్నారు. సోమవారం పీపాను పెరట్లోకి దొర్లించి లోపలికి తొంగిచూశాను. నల్లగా, దళసరిగా, జిడ్డు పట్టిన పొర. పుల్లటి వాసన. ఛీ, ఇన్నేళ్లూ దీంట్లోంచేనా తాగారు అనుకున్నాను. అమ్మకేం తెలుసు పాపం, అని కూడా అనుకున్నాను. నాకు ఎక్కువ సిగ్గనిపించేది ఈ రెండో మాటకే.

వంటింటి తొట్టి కింద బ్లీచు సీసా ఉంది. సగం ఒంపాను. గట్టి బ్రష్షు పెట్టి గంటసేపు రుద్దాను. పొర పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. చెక్క తెల్లబడింది. నీళ్లు పోసి తొలిచి, ఎండకి పెట్టి, సాయంత్రం మూతి దగ్గర ముక్కు పెట్టి చూశాను. వాసన పోయిందనిపించింది. అప్పుడుగానీ నా స్వెటర్ చూసుకోలేదు. నేను పట్టా అందుకున్న రోజున నోఫెజి అత్త, అంటే మా నాన్న అక్క, తన చేత్తో అల్లి తొడిగిన ఎర్ర స్వెటర్ అది. పొట్ట మీద, ముంజేతుల మీద బ్లీచు చుక్కలు పడి పాలిపోయిన మచ్చలు తేలాయి. అత్త చూస్తే బాధపడుతుందని దాన్ని పరుపు కింద దోపాను.

అమ్మ చీకటి పడ్డాక వచ్చింది. ఆసుపత్రి దుప్పట్లు ఉతికే చేతులు ఆమెవి. ఆ చేతులకి బ్లీచు వాసన ఎప్పుడూ ఉంటుంది. చిన్నప్పుడు అదే అమ్మ వాసన అనుకునేదాన్ని. కాబట్టి ఇంట్లో ఆ వాసన ఎక్కడున్నా ఆమెకి తెలియదు.

మంగళవారం మొక్కజొన్న పిండీ, మొలకెత్తించి ఎండబెట్టి విసిరిన ఎర్రజొన్న పిండీ గోరువెచ్చని నీళ్లలో కలిపి తొట్లలో పులియబెట్టాం. బుధవారం ఆ పులిసిన పిండిని జావ కాచాం. కుండ ఒక్కటే కాబట్టి మూడు విడతలు. ఒక విడత కాగుతుంటే ముందుది పెరట్లో తొట్టిలో చల్లారుతుండేది. అమ్మ మోచెయ్యి ముంచి చూసి, చిన్నపిల్ల స్నానం నీళ్లలా ఉంటే చాలు అనేది. వేడి మీద మొలకపిండి వేస్తే అది చచ్చిపోతుందని ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు. నేను నా థర్మామీటర్ పెట్టి చూశాను. మూడుసార్లూ అమ్మ మోచెయ్యే సరిగ్గా చెప్పింది.

"పీపాలో నేను పోస్తాలే, నువ్వు నడుం వాల్చు," అన్నాను. తెల్లబడిన చెక్క ఆమె కంట పడకూడదని. ఆ వేళకి నాలో అనుమానం మొదలైందో లేదో నిజాయితీగా చెప్పలేను. కానీ చూపించకూడదని మాత్రం అనిపించింది.

జావ పోసి, పచ్చి మొలకపిండి గుప్పిళ్లతో చల్లి, మూతపెట్టి, చుట్టూ దుప్పటి కట్టాను. తెల్లారేసరికి పీపా మాట్లాడాలి. రేకు కప్పు మీద సన్నటి వాన పడ్డట్టు లోపల్నుంచి చిటపటలు వినిపించాలి. గురువారం అమ్మ పనికి వెళ్లబోతూ పీపాకి చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది.

"ఏమీ అనడం లేదే ఇది?"

"చలి కదమ్మా. జూన్ నెల, నడి చలికాలం. చలికి ఆలస్యమవుతుంది."

"అంతేనంటావా?"

"అంతే."

"నువ్వు చెప్తే అంతేలే. చదువుకున్నదానివి." ఇంకో దుప్పటి తెచ్చి తనే కప్పి వెళ్లింది. అది ఆమె కప్పుకునే దుప్పటి.

ఆమె గేటు దాటాక మంచం మీద కూలబడ్డాను. పీపాల్లో, కుండల్లో, చెక్క సందుల్లో ఏళ్ల తరబడి బతికి, బీరును పొంగించే పులుపు గురించి మాకొక పాఠం ఉంది. పరీక్షలో ఆ ప్రశ్నకి నాకు మంచి మార్కులొచ్చాయి. మా నాయనమ్మ కాలం నుంచి ఒక బీరు ఇంకో బీరుకి అప్పజెప్పుతూ వచ్చినదాన్ని గంటలో గీకి మురిక్కాలవలో పోశాను. పోనీ కొత్త మొలకపిండి అయినా పని మొదలుపెడుతుందా అంటే, చెక్క తాగిన బ్లీచు దాన్నీ బతకనివ్వడం లేదు.

ఆ రోజే చెప్పి ఉంటే పోయేది. సాయంత్రం అమ్మ వచ్చాక నోరు తెరిచాను కూడా. "అమ్మా, ఆ పీపా..." అన్నాను. "రేపటికి మాట్లాడుతుందిలే, దిగులుపడకు," అంది. నేను ఊరుకున్నాను. వీధి చివరి వాళ్ల దరఖాస్తుల దగ్గర్నుంచి మందుసీసా మీది అక్షరాల దాకా అన్నీ నా దగ్గరికే తెస్తారు. బీరు చెడగొట్టిన డిగ్రీ అని పేరు పడుతుందని భయపడ్డాను. అంతకు మించి గొప్ప కారణం ఏమీ లేదు.

శుక్రవారం మధ్యాహ్నం పల్లె నుంచి వ్యాను నిండా చుట్టాలు దిగారు. వెనక ట్రక్కులో ఎద్దు. పెరట్లో కొమ్మలు పాతి మగవాళ్లు ముందే దడి కట్టి ఉంచారు, ఎద్దును అందులోకి తోలారు. సిందిలే పెదనాన్న దడి లోపల పెట్టె మీద కూచుని, "తమ్ముడి ఇంట్లో కాళ్లు చాపుకునే చోటు కూడా లేదురా. ఎద్దుకే నయం," అని నవ్వాడు.

నోఫెజి అత్త సంచి దింపకుండానే, "మా అమ్మ పీపా ఏదీ? ముందు దాన్ని పలకరించనీ," అంటూ గదిలోకి నడిచింది. అమ్మ సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. వాళ్లిద్దరితో పాటు గదిలో పట్టక, నేను మంచం మీదికెక్కి నిలబడ్డాను.

అత్త మూత తీసింది. అగ్గిపుల్ల గీసి పీపా మూతి లోపలికి వంచింది. బీరు ఊపిరి తీస్తుంటే పుల్ల టక్కున ఆరిపోవాలి. మంట ఆరలేదు. నిటారుగా నిలబడి వెలిగింది. పుల్ల కాలుతూ కాలుతూ అత్త వేళ్ల దాకా వచ్చింది.

"ఇది చచ్చింది, మామియా." మా అమ్మని పుట్టింటి వంశం పేరుతో అలాగే పిలుస్తారు.

"చలి ఎక్కువగా ఉంది వదినా. ఇంకొంచెం..."

"నలభై ఏళ్లుగా జూన్ నెలలో కాస్తున్నా. చలి సంగతి నాకు చెప్తావా?" మళ్లీ వంగి వాసన చూసింది. నిలబడి అమ్మ చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. మళ్లీ పీపా వాసన చూసింది. "అదే వాసన. నీ లాండ్రీ వాసన. చచ్చినవాళ్ల దుప్పట్లు ఉతికిన చేతులతో నా తమ్ముడి బీరు కలుపుతావా?"

"శుభ్రంగా కడుక్కున్నాను వదినా."

"కడుక్కున్నావు. వాడి కోసం కట్టిన నల్లబట్టలు కూడా ఆర్నెల్లకే కడిగి మడిచేశావుగా! ఏడాది ఉండాల్సినవి."

"తెల్ల యూనిఫాం లేకపోతే పన్లోకి రానివ్వం అన్నారు. సిందిలే బావగారు ఒప్పుకున్నారు కదా?"

"ఆయన ఒప్పుకున్నాడు. నా తమ్ముడు జోలిలే ఒప్పుకోలేదు. అందుకే నీ చేతి బీరు వద్దంటున్నాడు. కనబడటంలా?"

అమ్మ నెమ్మదిగా తల తిప్పి పీపా లోపలి అంచు చూసింది. అక్కడ చెక్క ఎముకలా తెల్లగా ఉంది. తర్వాత నా వైపు చూసింది. నేను దుప్పటి మడత సరిచేస్తున్నాను. దుప్పటికి సరిచేసేందుకేమీ లేదు.

"నడు," అంది అత్త. "దడి దగ్గరికెళ్లి పెద్దల ముందు ఒప్పుకో. రేపు ముంత నేను తీసుకెళ్తాను. నువ్వు వెనకాల కూచో."

ఆపాల్సింది అక్కడ. మంచం దిగి వాళ్ల వెనకే వంటింటి దాకా నడిచాను. దడి వాకిలి బయట అమ్మ మోకాళ్ల మీద కూచుంది. మగవాళ్లు మాటలాపారు.

"రదేబే వంశం పెద్దలారా," అంది అమ్మ. "బీరు పొంగలేదు. తప్పు నా చేతుల్లోనే ఉంది. ఆయన కోపం నా మీదే ఉండనివ్వండి, ఇంటిమీద కాదు."

ఆ చేతులు ఒళ్లో పెట్టుకుంది, వేళ్లు లోపలికి ముడిచి. నేను టీ కప్పుల పళ్లెం పట్టుకుని వంటింటి గడపలో నిలబడి ఉన్నాను. ఆ చేతుల జీతంతోనే చదువుకున్నాను.

పక్కింటి మాద్లోమో కంచె మీంచి అంతా వింటోంది. ఆమె వారం వారం బీరు కాచి అమ్ముతుంది, వాసన బట్టే ఎవరింట్లో ఏ రోజు బీరో చెప్పేస్తుంది. చిన్న గేటు తోసుకుని లోపలికొచ్చింది. "ఏమో తల్లీ, కోపాలూ తాపాలూ నాకు తెలీదు. ముందు ఆ పీపా నన్నోసారి చూడనివ్వండి," అంటూ గదిలోకెళ్లి నిమిషంలో తిరిగొచ్చింది. "దీన్ని ఎవరో బ్లీచు పోసి గీకారు. చెక్క దంతంలా తోమి పెట్టారు. ఎవరా మహాతల్లి?"

"నేనే," అంది అమ్మ, మోకాళ్ల మీదినుంచి లేవకుండానే. "మురిగ్గా ఉందని కడిగాను."

అది నా కోసం ఆమె ఆడిన అబద్ధం. అది కూడా పెద్దల ముందు. పళ్లెం కింద పెట్టాను.

"అమ్మ కాదు. నేను కడిగాను," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. ఇప్పుడు తిడతారు అనుకున్నాను. అత్త దగ్గరికొచ్చి నా తల నిమిరింది. "చూశారా పిల్ల మనసు? తల్లిని కాయడానికి నింద తన మీదేసుకుంటోంది. చదువు ఊరికే పోలేదురా సిందిలే."

"ఔనౌను," అన్నాడు పెదనాన్న. "ఫుమేజా మంచి పిల్ల."

"కాదు పెదనాన్నా, నిజంగా నేనే. సోమవారం..."

"ఊరుకోవే," అంది మాద్లోమో కూడా. "ఆ మాత్రం తెలీనిదానివా నువ్వు? ఇదేగా నీ చదువు?"

నా మీద ఉన్న గౌరవమే నా నోరు నొక్కేసింది. అమ్మ తల దించుకునే ఉంది. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే చాలు, అంతా సర్దుకునేది. అమ్మ తప్పు చేసినదిగా, నేను మంచి కూతురిగా మిగిలిపోయేవాళ్లం. ఆ నిమిషం నేను నిజంగానే ఆలోచించాను. దాచను.

తర్వాత గదిలోకెళ్లి పరుపెత్తి స్వెటర్ లాగాను. తెచ్చి అత్త చేతుల్లో పెట్టాను.

అత్త దాన్ని విప్పి వెలుగుకి పట్టింది. పొట్ట మీద గుత్తులుగా, చేతుల మీద వరసగా మచ్చలు. పీపాలోకి వంగి భుజాల దాకా చేతులు పెట్టి రుద్దినవాళ్లకే అలా పడతాయి. ఎవరూ వివరించి చెప్పక్కర్లేకపోయింది.

"ఇది నేనల్లింది," అంది అత్త.

"ఔనత్తా."

"సోమవారం చేశావా?"

"సోమవారం. అమ్మ పన్లో ఉంది. చల్లనీళ్లతో తొలవమంది. నేను వినలేదు. గురువారానికే నాకు అర్థమైంది. చలి అని చెప్పాను."

"ఇందాక గదిలో నేను మీ అమ్మని అన్నేసి మాటలంటుంటే మంచమ్మీద నిలబడే ఉన్నావు కదూ?"

"ఉన్నాను."

మగవాళ్లలో ఒకాయన చుట్ట దులుపుతూ, "డిగ్రీ వల్ల మా పల్లెలో ఇంతవరకూ బీరు చెడలేదు," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. అదే నవ్వినదానికన్నా ఎక్కువ తగిలింది.

అత్త వెళ్లి అమ్మ ముందు తనూ మోకాళ్ల మీద కూచుంది. పెద్ద ఒళ్లు, దిగడం కష్టం. "లే, మామియా," అంది. అమ్మ లేవలేదు. "వదినా, నా చేతులు నిజంగానే కడుక్కున్నాను," అంది మళ్లీ, అదొక్కటే తేల్చుకోవాలన్నట్టు. అత్త ఆ చేతుల్ని తీసుకుని తన మొహానికి అదుముకుంది.

సిందిలే పెదనాన్న పెట్టె మీంచి లేచి దడి వాకిలి దగ్గరికొచ్చాడు. "ఎద్దు ఆదివారం దాకా ఆగుతుంది," అన్నాడు. "వ్యాను వాడితో నేను మాట్లాడతాను. కానీ మామియా ఇక్కడ మోకాళ్ల మీద కూచుని అన్న మాట పోయిన పెద్దలు విన్నారు, జోలిలే విన్నాడు. మనం టీ తాగుతూ కొట్టేసే మాట కాదది. ఎక్కడ అన్నారో అక్కడే వెనక్కి తీసుకోవాలి. ఆదివారం, ఎద్దును పట్టే ముందు, అందరి ఎదుటా. ఎవరు చెప్పాలో నీకు తెలుసు."

"తెలుసు పెదనాన్నా."

"ఆ స్వెటర్ వేసుకుని చెప్పు," అంది అత్త.

పొంగని బీరునంతా పారబోసి, పీపాను తొలిచి ఎండకి పెట్టాం. మాద్లోమో తన ప్లాస్టిక్ డ్రమ్మునీ, కిందటి బీరు అడుగు మడ్డినీ ఇచ్చింది. బదులుగా పిప్పి తన కోళ్లకివ్వాలంది. "డ్రమ్ము మాత్రం కడక్కే తల్లీ, నీ పుణ్యముంటుంది," అని కంచె మీంచి మళ్లీ అరిచింది. మడ్డి కలిపిన పిండి ఒక్క రాత్రికే పులిసింది. శనివారం మళ్లీ మూడు విడతలు జావ కాచాం. అమ్మ మోచెయ్యి ముంచింది. థర్మామీటర్ నేను బయటకి తియ్యలేదు. పని మధ్యలో ఆమె నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. కట్టెలు ఇటు, మూత అటు, జాగ్రత్త కాలుతుంది. ఒక్కసారి మాత్రం కుండ కలుపుతూ నా వైపు చూడకుండా అడిగింది, "నాకు తెలీదనుకున్నావా, దాన్ని ఎందుకు కడగరో?"

అవునంటే తప్పు, కాదంటే అబద్ధం. "అనుకున్నాను," అన్నాను. అమ్మ కలపడం ఆపలేదు.

ఆదివారం పొద్దున్నకి డ్రమ్ము చిటపటలాడుతోంది. అత్త పుల్ల గీసి వంచితే, లోపలికి పోకముందే ఆరిపోయింది. పెరడు, ముందు వీధి జనంతో నిండాయి. మచ్చల స్వెటర్ తొడుక్కుని దడి వాకిట్లో నిలబడ్డాను. ఎవరో వెనక, "కొత్త ఫ్యాషనా?" అన్నారు, ఇంకెవరో ఉష్షుమన్నారు. చెప్పాల్సింది రాత్రంతా మనసులో రాసుకున్నాను. తీరా చూస్తే వచ్చినవి నాలుగు ముక్కలే.

"నాన్నా, పీపా కడిగింది నేను. అమ్మ వద్దంది. అమ్మ చేతుల్లో ఏ తప్పూ లేదు. శుక్రవారం ఆమె ఇక్కడన్న మాట నాది."

ఎద్దును పట్టారు. ఈటె తగలగానే అది పెద్దగా రంకె వేసింది. పోయిన పెద్దలు ఒప్పుకున్నారనడానికి ఆ రంకే గుర్తు, జనమంతా ఒక్కసారి కేక పెట్టారు. ఆ కేక నాన్న కోసం. నన్ను క్షమించారని నేను దాన్ని ఎప్పుడూ లెక్కవేసుకోలేదు.

అమ్మ రేకు ముంతను రెండు చేతుల్తో పట్టుకుని ఇంట్లోంచి దడి దాకా నడిచింది. నురగ అంచు దాటి ఆమె వేళ్ల మీదికి కారింది, తుడుచుకోలేదు. ఒక గుక్క తాగింది. పెదనాన్నకిచ్చింది. ఆయన తాగి, "బాగుంది, మామియా," అని తర్వాతి మనిషికిచ్చాడు. అది చేతులు మారుతూ నా దాకా వచ్చింది. పుల్లగా, బరువుగా, మాద్లోమో ఇంటి రుచి. మా నాయనమ్మది కాదు. ఆ రుచి తెలిసినవాళ్లందరికీ అది తెలుస్తూనే ఉంది. ఎవరూ అనలేదు.

సాయంత్రం వ్యాను వెళ్లిపోయాక అమ్మ డ్రమ్ము అడుగున మిగిలిన మడ్డిని బకెట్లోకి ఒంపి నాకందించింది. పీపాను ఎండలోంచి తీసి గదిలోకి దొర్లించింది అప్పటికే.

"ఇది లోపలంతా పూసి రెండ్రోజులుంచు," అంది. "ప్రతిసారీ ఇలా చేస్తే కొన్నేళ్లకి ఆ పొర మళ్లీ పడుతుందేమో."

"తర్వాతమ్మా?"

"తర్వాత చల్లనీళ్లతో తొలిచి బోర్లించు. ఇంకేం చెయ్యకు."

సరే అన్నాను. స్వెటర్ చేతులు పైకి మడుచుకుని పీపాలోకి వంగాను.